అమ్మ రాత్రిపూట నడిచే దారి: ఇంట్లో పెద్దోళ్ళు కిందపడకుండా ఏమేం చేయాలి

మాది తిరుపతి, ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఇల్లు. మా అమ్మకి 74. రెండేళ్ళ కింద కార్తీక మాసంలో ముసురు పట్టిన ఒక రాత్రి మూడు గంటలప్పుడు బాత్రూంకని లేచి పడింది, కుడి మణికట్టు విరిగింది. నేను పక్క గదిలోనే ఉన్నా, లేపలేదు. తెల్లారి ఐదున్నరకి లేచి చూస్తే మంచం అంచున కూర్చుని వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఉంది. "ఏం కాలా పాపా, గోడ పట్టుకోనే పోతా ఉంటిని, కాలు జారె, నీ నిద్దర చెడగొట్టడమెందుకని లేపలా" అనింది. రెండున్నర గంటలు ఆ నొప్పితో అట్లే కూర్చుని ఉండాది.

చూడ్డానికొచ్చిన చుట్టాలందరూ ఒకే మాట, వయసైపోయింది కదమ్మా, పడతారు అని. నేనూ ఒకరోజు అదే అనుకున్నా. మర్నాడు రాత్రి అమ్మ మంచం మీద నేను పడుకున్నా, ఇంట్లో లైట్లన్నీ ఆపేసి, అమ్మ కళ్ళద్దాలు లేకుండా ఎట్లా లేస్తుందో అట్లా లేచి బాత్రూం దాకా నడిచా. మొత్తం 14 అడుగులు. మంచం పరుపు మధ్యలో గుంట పడి లేవడానికే రెండుసార్లు ఊగాల్సొచ్చింది, స్విచ్చు మంచం దగ్గర కాదు అటు తలుపు పక్కన ఉంది, అంటే లైటు వేయడానికే చీకట్లో ఆరడుగులు నడవాలి. తర్వాత రెండంగుళాల గడప. గడప దాటంగానే కాళ్ళు తుడుచుకోడానికి నాలుగు మడతలు పెట్టి వేసిన పాత చీర ముక్క, కింద నున్నటి గ్రానైటు, కాలు పెడితే బట్ట మొత్తం ముందుకి పోయింది. ఆ తర్వాత బాత్రూం నేల నాలుగంగుళాలు కిందికి ఉంటుంది, తడి టైల్సు. అమ్మ పడేటప్పుడు టవల్ రాడ్డు పట్టుకుంది, అది గోడలోంచి ఊడొచ్చేసింది, రాడ్డుకి రెండు ప్లాస్టిక్ గుళికలు ఇంకా అట్లే వేలాడతా ఉన్నాయి. ఇదంతా ముప్పై ఏళ్ళుగా మా కళ్ళ ముందరే ఉండాది, ఒక్కరం కూడా చూడలేదు.

అందుకే మీరు మొట్టమొదట చేయాల్సిన పని ఇదే. ఏ వస్తువూ కొనకముందు మీ అమ్మానాన్నలు, అవ్వాతాతలు రాత్రి నడిచే దారిని అదే చీకట్లో, అదే చెప్పులతో మీరు నడవండి, చేతిలో ఫోను పెట్టుకుని తగిలిన ప్రతిదీ ఫోటో తీసుకోండి. పడటానికి ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు కలిసి ఉంటాయి, అందులో ఒకటి తీసేసినా ఆ రోజుకి పడకుండా ఆగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా ప్రపంచంలో 6,84,000 మంది కిందపడటం వల్లే చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది 60 దాటినోళ్ళే, కాబట్టి దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

మంచంతో మొదలుపెట్టండి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తొంభై డిగ్రీల్లో ఉండాలి. మరీ కిందికుంటే కాళ్ళ కింద దిమ్మెలు పెట్టి ఎత్తొచ్చు, కానీ దిమ్మె మధ్యలో గుంట ఉండి మంచం కాలు అందులో కూర్చోవాలి, ఊరికే ఇటుకరాయి పెడితే జరిగిపోతుంది. నులక మంచం, నవారు మంచం మీద పడుకునే అలవాటున్నోళ్ళకి ఎంత చెప్పినా వినరు, నిజమే, అయితే పక్కన బరువైన కుర్చీ ఒకటి గోడకి ఆనించి పెడితే దాన్ని పట్టుకుని లేస్తారు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అది మనిషితోపాటే వచ్చేస్తుంది. చెయ్యి చాపితే అందేలా ఒక లైటు ఉండాలి. ప్లగ్గులో పెట్టే సెన్సార్ లైట్లు దొరుకుతున్నాయి, మనిషి కదిలితే వెలుగుతాయి, మంచం దగ్గరొకటి గడప దగ్గరొకటి బాత్రూంలో ఒకటి పెట్టాం మేము. కరెంటు పోతే పనిచేసేలా ఒకటన్నా చార్జింగ్‌ది ఉంచుకోండి, వానాకాలం రాత్రుల్లో మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కదా.

ఆ కాళ్ళు తుడుచుకునే బట్ట ఉంది చూడండి, పాత చీర, పాత టవలు, గోనెపట్టా, ఏదైనా సరే ఈరోజే తీసేయండి. అడుగున రబ్బరు ఉన్న మ్యాట్ వేయండి, అది కూడా తడిసి అంచు పైకి లేస్తే మార్చేయాలి. గడప తీసేయమంటే చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు, పసుపు కుంకుమ పెట్టే గడపని ఎట్లా తీస్తామని, వీధివాకిలి గడప సరే, దాని పక్కన గోడకి ఒక పిడి పెట్టండి చాలు. లోపలి గదుల గడపలకి మాత్రం మేస్త్రీని పిలిపించి రెండుపక్కలా వాలుగా సిమెంటు వేయించుకోవచ్చు, ఒక్కపూట పని. అదీ కాకపోతే గడప అంచుకి తెల్ల పెయింటో పసుప్పచ్చ పెయింటో వేయండి, చూపు తగ్గినోళ్ళకి గడపా నేలా ఒకే రంగులో ఉంటే ఎత్తు తెలీదు. మెట్లకీ అంతే, ప్రతి మెట్టు అంచుకీ పసుప్పచ్చ గీత ఉండాలి, మిద్దె మీదికి పోయే మెట్లకి ఒకపక్కే రైలింగ్ ఉంటే రెండోపక్క కూడా పెట్టించండి.

బాత్రూం గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఎందుకంటే ఇక్కడ చేసే తప్పులు ఎక్కువ. చేత్తో పట్టుకోడానికి స్టీలు రాడ్డు పెట్టించాలి, టవల్ రాడ్డు కాదు, కుళాయి కాదు, గాలితో అతుక్కునే వాక్యూం పిడి అసలే కాదు, అవి మనిషి బరువు పడంగానే ఊడిపోతాయి. గ్రాబ్ బార్ అని అడిగితే శానిటరీ షాపుల్లో ఇస్తారు, గుప్పిట్లో పూర్తిగా ఇమిడే లావు ఉండాలి. ప్లంబర్‌కి గట్టిగా చెప్పండి, ప్లాస్టిక్ గుళికలు కాదు, ఇనప యాంకర్ బోల్టులే వేయాలి, టైల్సు వెనకాల బోలుగా ఉన్న చోట కాదు, గోడ గట్టిగా ఉన్న చోట వేయాలి అని. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే చోట, ఒకటి లోపలికి అడుగు పెట్టే చోట. బిగించాక మీరే మీ బరువంతా వేసి లాగి చూడండి, మీకు ఊగితే అమ్మకి ఊడుతుంది. మాకు మూడు రాడ్లూ, కూలీ కలిపి రెండు మూడు వేలయింది. చెయ్యి విరిగిందానికి అయిన ఖర్చు ముందు అదెంత.

స్నానం నిలబడి వద్దు. చేతులున్న, కాళ్ళకి రబ్బరు ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లోపలే ఉంచండి, చెంబుతో పోసుకునే అలవాటున్నోళ్ళకి బకెట్టు కూడా ఒక ఎత్తు మీద పెడితే వంగక్కర్లేదు, వంగి లేచేటప్పుడే కదా తల తిరిగేది. సున్నిపిండి, నూనె పెట్టుకున్న రోజు నేల సబ్బుకంటే ఎక్కువ జారుతుంది, పండగ తలస్నానాల రోజు వెంటనే వేడినీళ్ళు పోసి కడిగేయాలి. ఇండియన్ టాయిలెట్టే ఉంటే దాని మీద పెట్టే కమోడ్ స్టూలు దొరుకుతుంది, ఊగకుండా ఉందో లేదో చూసి తెచ్చుకోండి. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పండి, సిగ్గుపడితే బయట నుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించండి. పడిపోయిన మనిషి తలుపుకి అడ్డం పడుంటే బద్దలు కొట్టేదాకా లోపలికి పోలేం, అదొక నరకం.

పెరట్లో గిన్నెలు తోమే చోట పాచి పట్టి ఉంటుంది, వారానికోసారి బ్లీచింగ్ పౌడర్ వేసి రుద్ది కడగాలి. ఇంకోటి వాకిలి. తెల్లారకముందే కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టే అలవాటు మన అమ్మలకి ఉంటుంది, ధనుర్మాసంలో అయితే మరీ పెద్ద ముగ్గులు, మంచులో నడుం వంచి అరగంట ఉండి ఒక్కసారిగా లేస్తారు. మానేయమంటే మానరు, మానమని చెప్పడం కూడా న్యాయం కాదు, అది వాళ్ళ ఇష్టం. చిన్న ముక్కాలి పీట ఇవ్వండి కూర్చుని పెట్టుకుంటారు, లేచేటప్పుడు పట్టుకోడానికి పక్కన ఏదన్నా ఉండాలి, వెలుతురు వచ్చాకే బయటికి రమ్మనండి.

బట్టలూ చెప్పులూ కూడా చూడండి. అరిగిపోయిన హవాయి చెప్పు బోర్లించి చూస్తే మడమ దగ్గర నున్నగా అద్దంలా ఉంటుంది, అది పారేయాల్సిందే. వెనకాల పట్టీ ఉండి, రబ్బరు అడుగు ఉన్నది కొనండి, షుగరు ఉన్నోళ్ళకి పాదం మొద్దుబారి చెప్పు జారిపోయినా తెలీదు. చీర కుచ్చిళ్ళు చీలమండ పైకి ఉండాలి, నైటీ నేలకి ఊడుస్తా ఉంటే నాలుగంగుళాలు మడిచి కుట్టేయండి, తాతలకి లుంగీ, పంచె కూడా అంతే.

ఇంటి సంగతి ఇంత. కానీ ఇల్లు ఎంత బాగుచేసినా మనిషి ఒంట్లో కారణం ఉంటే పడతారు, అది కనిపెట్టడం ఇంకా ముఖ్యం. మా అమ్మ విషయంలో డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, పడుకుని లేచినప్పుడు కళ్ళు తిరుగుతాయా అని. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే మీరే చూడొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఒకసారి చూడండి, పక్కన పట్టుకుని ఉండాలి మరి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే లేవడం వల్ల బీపీ పడిపోతా ఉందని అర్థం, ఆ కాగితం డాక్టర్‌కి చూపించాలి. మా అమ్మకి 148 ఉన్నది నిలబడంగానే 118 కి వచ్చింది, 30 తగ్గింది. అప్పటి నుంచి లేవడానికి ఒక పద్ధతి పెట్టాం. కళ్ళు తెరిచాక పడుకునే పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించడం, కూర్చుని ఒక నిమిషం ఆగడం, నిలబడి మంచం పట్టుకుని గోవిందా గోవిందా అని పదిసార్లు అనుకోవడం, అప్పుడు నడవడం. సెకన్లు లెక్కపెట్టమంటే ఎప్పుడూ మర్చిపోయేది, గోవింద నామం మాత్రం మర్చిపోలేదు.

మాత్రలన్నీ, ఆయుర్వేదం, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ కూడా వదలకుండా ఒక సంచిలో వేసుకుని డాక్టర్ టేబుల్ మీద పెట్టండి. నిద్రమాత్రలు, అల్ప్రాజోలం లాంటివి, తెల్లారుజామున కాళ్ళు తూలేలా చేస్తాయి. జలుబుకి వేసుకునే అవిల్, సెట్రిజిన్‌కి మత్తు వస్తుంది. మగవాళ్ళకి ప్రోస్టేటుకి ఇచ్చే టామ్సులోసిన్ నిలబడినప్పుడు బీపీ తగ్గిస్తుంది. అయితే ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, ముఖ్యంగా నిద్రమాత్ర ఏళ్ళుగా వేసుకుంటున్నోళ్ళు ఒక్కసారి ఆపితే ప్రమాదం, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు.

మన తిరుపతి, చిత్తూరు వైపు ఇంకో సంగతి ఉంది, శనివారం ఒక్కపొద్దు. పెరటాసి నెల (సెప్టెంబర్ - అక్టోబర్) శనివారాలైతే ఇంటింటా ఉంటాయి. షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని, దళిగ వేసి (స్వామికి నైవేద్యం పెట్టి) పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది, చెమటలు పట్టి, చెయ్యి వణికి, పూజగదిలోనే కూలబడతారు. భక్తికి అడ్డం చెప్పట్లేదు నేను, ఒక్కపొద్దు ఉండే రోజు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి అంటున్నా. నీళ్ళు కూడా అంతే, రాత్రి బాత్రూంకి లేవాల్సొస్తుందని పగలు కూడా తాగరు, మన ఎండలకి 40 డిగ్రీలు దాటే రోజుల్లో అదే బీపీ పడిపోవడానికి కారణం అవుతుంది. పగలంతా బాగా తాగించి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే సరిపోతుంది, సాయంత్రం ఆరు తర్వాత కాఫీ వద్దు.

కళ్ళు ఏడాదికోసారి చూపించండి. శుక్లం వచ్చి ఉంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు, తిరుపతిలోనే అరవింద్ కంటి ఆసుపత్రి ఉంది. దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దంలో ఉంటే మెట్లు దిగేటప్పుడు కింది భాగంలోంచి చూసి మెట్టు మసకగా కనిపిస్తుంది, బయట నడకకి దూరం చూపు అద్దాలు విడిగా పెట్టుకోవడం మేలు.

కాళ్ళల్లో బలం ఎంతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కుర్చీలో కూర్చోబెట్టి, మూడు మీటర్ల దూరంలో నేల మీద చాక్‌పీస్‌తో గీత గీయండి, లేచి మామూలుగా ఆ గీత దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి, ఫోన్లో టైం చూడండి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు. ఇంకోటి, ఒక పాదం మడమ ఇంకో పాదం బొటనవేలికి ఆనించి ఒకే గీత మీద 10 సెకన్లు నిలబడగలరా, మీరు పక్కనే చేతులు చాపి ఉండి చూడండి. మా అమ్మకి మొదట నడకకి 19 సెకన్లు పట్టింది, గీత మీద నిలబడితే నాలుగు సెకన్లకే ఊగింది.

దానికి మందు లేదు, కసరత్తే. కాళ్ళకీ బ్యాలెన్సుకీ సంబంధించిన వ్యాయామం క్రమంగా చేస్తే పడటాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని ఎన్నో పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. జిమ్ము అక్కర్లేదు. వంటింటి బండ పట్టుకుని మడమలు పైకెత్తి దించడం పదిసార్లు, కుర్చీలోంచి చేతులు వాడకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, బండ పట్టుకుని కాలు పక్కకి ఎత్తడం ఒక్కో కాలికి పదిసార్లు, తర్వాత ఆ గీత మీద నిలబడటం. వారానికి కనీసం మూడు రోజులు. పాలు కాగే టైంలో అమ్మ ఇవన్నీ చేసేస్తుంది ఇప్పుడు, నాలుగు నెలలకి 19 సెకన్లు 13 అయింది. ఉత్త నడక మంచిదే కానీ అదొక్కటే చాలదు, బ్యాలెన్సు వేరే నేర్పించాలి.

తిండి విషయంలో మనం అదృష్టవంతులం, రాగిసంగటి మన ఇంటి కూడే. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుంది. దాంతో పాటు పప్పు, గుడ్డు, పెరుగు ఉండాలి, కండ లేకపోతే ఎముక ఒక్కటే మనిషిని నిలబెట్టలేదు. విటమిన్ డి తక్కువుందేమో రక్తపరీక్షలో చూపించుకోండి, ఎముకల గట్టిదనానికి డెక్సా స్కాన్ ఉంటుంది, ఒకసారి ఎముక విరిగినోళ్ళకి తప్పకుండా అడగండి.

చేతికర్ర గురించి. కర్ర పట్టుకుంటే ముసిలోళ్ళమైపోయామని బాధపడతారు, బలవంతం చేస్తే మూలన పెడతారు. మా అమ్మకి నేను చెప్పలేదు, కొండకి పోయేటప్పుడు ఎవరైనా కర్ర పట్టుకుంటారు కదమ్మా అని ఆమె తమ్ముడు, మా మామ, తెచ్చిచ్చినాడు, తీసుకుంది. కర్ర ఎత్తు ఎంతుండాలంటే, చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు వేలాడేస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. నొప్పి ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, ఎడమ మోకాలు నొప్పైతే కుడిచేతిలో, చాలామంది నొప్పి ఉన్న పక్కనే పట్టుకుంటారు, తప్పు. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. కింద రబ్బరు అరిగితే మార్చండి.

కొండ అన్నాక అదీ చెప్పాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మొక్కుంది నడిచే పోవాలి అని 70 ఏళ్ళోళ్ళు పట్టుబడతారు. మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ రాసి కర్పూరం వెలిగిస్తారు కాబట్టి మెట్టు మధ్యలో నూనెలా జారుతుంది, వాన పడితే ఇంకా కష్టం, రెయిలింగ్ పక్కనే నడిపించండి, పైకి నడిచినా కిందికి మాత్రం బస్సులోనే దించండి, మోకాళ్ళు వణికేది దిగేటప్పుడే. కార్తీకంలో కపిలతీర్థం స్నానానికి పోతే ఆ తడి రాళ్ళ మీద వాళ్ళ చెయ్యి మీరు పట్టుకుని లాగొద్దు, మీ మోచెయ్యి వాళ్ళకి పట్టుకోడానికివ్వండి, పట్టు వాళ్ళ చేతిలో ఉండాలి.

ఇంత చేసినా ఒకరోజు పడొచ్చు. పడంగానే చంకల కింద చేతులేసి ఎత్తేయకండి. ముందు మాట్లాడించండి, తల తగిలిందా, ఎక్కడ నొప్పి, కాళ్ళు కదుపుతున్నారా చూడండి. ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగిపోయి ఉంటే తుంటి ఎముక విరిగినట్టే, కదపకుండా 108 కి ఫోన్ చేయండి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా. ఎముక విరిగితే నాటు వైద్యులు వేసే పుత్తూరు కట్టు అంటే మన వైపు ఎంత నమ్మకమో నాకూ తెలుసు. కానీ తుంటి విరిగితే కట్టుతో అతికేది కాదు, ముందు ఎక్స్‌రే, చాలామందికి ఆపరేషన్ కావాలి, అది కూడా వీలైనంత వరకు 48 గంటల్లోపు అయితే మంచిది. మంచాన పడే రోజులు పెరిగే కొద్దీ పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం, మనుషులు పోయేది వీటితోనే. తిరుపతిలో బర్డ్, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, దేనికి పోవాలో, రాత్రిపూట ఎవరు తోడు వస్తారో ముందే ఇంట్లో అనుకుని పెట్టుకోండి. 70 దాటినోళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉచితంగా వైద్యం చేయించుకునే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆధార్‌తో ముందే చేయించి ఉంచండి.

రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళకి తల తగిలితే, బాగానే ఉన్నానన్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోవాల్సిందే, లోపల రక్తం మెల్లగా కారి రోజుల తర్వాత కూడా మగతగా అయిపోతారు. దెబ్బ ఏమీ లేదని తేలితే వాళ్ళనే లేవనివ్వండి. పక్కకి తిరిగి, మోకాళ్ళ మీదికీ చేతుల మీదికీ వచ్చి, మీరు తెచ్చి పెట్టిన గట్టి కుర్చీ మీద చేతులు ఆనించి, బలమైన కాలు ముందు పెట్టి లేస్తారు, మీరు వెనక ఇంకో కుర్చీ పట్టుకుని ఉంటే చాలు. ఈ లేవడం బాగున్నప్పుడే ఒకసారి పరుపు మీద నేర్పించి పెట్టండి.

పడిన విషయం మనకి చెప్పేలా చూసుకోవడం కూడా మన పనే. అరిస్తే ఇంకోసారి దాస్తారు. అమ్మ మంచానికి ఇప్పుడు వైర్లెస్ కాలింగ్ బెల్ స్విచ్చు కట్టి ఉంది, మోగేది నా దిండు పక్కన. మొదటి నెల ఒక్కసారి కూడా నొక్కలేదు. అప్పుడు నేనే చెప్పా, అమ్మా, నువ్వు నొక్కితేనే నాకు నిద్దర, నొక్కకపోతే నువ్వు లేచినావేమో అని రాత్రంతా మెలకువగానే ఉంటున్నా అని. ఆ రాత్రి మూడింటికి మోగింది.